కల్పాక్కంలో ఓ లోతైన కొలను

భద్రాచలానికి ఎగువన, మణుగూరు దగ్గర అశ్వాపురంలో గోదావరి ఒడ్డున ఒక ఉద్యోగుల కాలనీ ఉంది. దాని పేరు గౌతమీనగర్. ముమ్మిడివరం, యానాం వైపు పారే గోదారి పాయ గౌతమే కాబట్టి అటువాళ్ళకి ఆ పేరు కొత్తేమీ కాదు. మన కోనసీమ కాలువల్లోకి రావాల్సిన గోదారి ఇంకా పాపికొండలు కూడా దాటకముందే అక్కడి భారజల కర్మాగారం అందులోంచి కొంత నీరు తోడుకుంటుంది. మామూలు నీళ్ళలో ఆరేడు వేల పాళ్ళకు ఒక పాలు చొప్పున బరువైన నీరు కలిసి ఉంటుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును, నీటిని ఎత్తైన టవర్లలో ఎదురెదురుగా పదేపదే నడిపించి ఆ ఒక్క పాలునూ పోగుచేస్తారు. దేశంలోని అణు విద్యుత్ కేంద్రాల్లో ఎక్కువ భాగం నడిచేది ఇలా తీసిన భారజలంతోనే.

అంత ఖరీదైన నీటికి రియాక్టర్‌లో పెద్దపీట. ఆ రియాక్టర్‌లో మండి బయటికొచ్చిన యురేనియాన్ని ఏళ్ళ తరబడి కాచుకుని ఉండే పని మాత్రం మామూలు నీటిది. మన బోదెల్లో పారే లాంటి నీరే, కాకపోతే అందులోని లవణాలన్నీ తీసేసి ఉంటాయి. అణు విద్యుత్తు గురించి ఎంత వాదించుకున్నా ఈ నీటి సంగతి మనవాళ్ళ మాటల్లో ఎప్పుడో గానీ రాదు. అలాంటి కొలనులున్న చోట్లలో మనకి దగ్గరిది కల్పాక్కం. తీరం వెంబడి దక్షిణానికి దిగి, చెన్నై దాటి, మరో 70 కిలోమీటర్లు పోవాలి.

ఊరికి ఒక పక్క బంగాళాఖాతం, ఇంకో పక్క బకింగ్‌హాం కాలువ. ఒకప్పుడు కాకినాడలో సరుకెక్కించిన పడవలు గోదావరి, కృష్ణా కాలువల మీదుగా ఈ కాలువ పట్టుకుని మద్రాసు దాటి ఇటువైపు దాకా వచ్చే వీలుండేది. కల్పాక్కం పక్కనే సద్రాస్ కోట. డచ్చివారు 17వ శతాబ్దంలో ఇక్కడ సన్నబట్టల వ్యాపారం నడిపారు. అదే డచ్చివారికి మన వశిష్ఠ ఆవలి ఒడ్డున పాలకొల్లులోనూ బట్టల కొట్టిడి ఉండేది. కోట లోపల డచ్ సమాధుల మీద చెక్కిన రాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఆ గోడల దగ్గర నుంచుని చూస్తే అణు కేంద్రం కట్టడాలు కనుచూపు మేరలోనే.

భారజలంతో నడిచే ఈ తరహా రియాక్టర్లను మొదట రాజస్థాన్‌లో కెనడా సాయంతో మొదలుపెట్టారు. 1974లో పోఖ్రాన్ అణు పరీక్ష జరగ్గానే కెనడా చేతులు దులిపేసుకుంది. దాంతో కల్పాక్కంలో ఆకృతి మొదలు కాంక్రీటు దాకా మనవాళ్ళే చూసుకోవాల్సి వచ్చింది. మొదటి రియాక్టర్‌లో 1983 జూలైలో గొలుసు చర్య మొదలైంది, 1984 జనవరి నుంచి వాణిజ్యపరంగా కరెంటు ఇచ్చింది. రెండోది 1985 ఆగస్టులో మొదలై, 1986 మార్చిలో వాణిజ్య ఉత్పత్తికి వచ్చింది. ఒక్కొక్కటీ 220 మెగావాట్ల తరహా.

వీటిలో వేసే ఇంధనం హైదరాబాద్ సరుకు. 1971లో ఏర్పాటైన న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో తయారవుతుంది. పని చేసేవాళ్ళు దాన్ని ‘బండిల్’ అంటారు. దాన్ని ఒకసారి దగ్గరగా చూడాలి. పొడవు అర మీటరు, అడ్డంగా 8 సెంటీమీటర్ల పైచిలుకు. జిర్కోనియం లోహమిశ్రమంతో చేసిన 19 సన్నటి గొట్టాలు, రెండు కొసలా పలకలకు అతికి ఉంటాయి. ఒక్కో గొట్టంలో నల్లటి బిళ్ళలు వరసగా పేర్చి మూత బిగిస్తారు. అవే యురేనియం ఆక్సైడ్ బిళ్ళలు. మొత్తం బరువు 16 కిలోల పైన. కొత్త బండిల్‌ను గ్లౌజులు వేసుకుని చేత్తో పట్టుకోవచ్చు, తిప్పి చూడొచ్చు, ఏ ప్రమాదమూ లేదు. రియాక్టర్‌లో అడ్డంగా అమర్చిన 306 గొట్టపు మార్గాలుంటాయి. ఒక్కోదానిలో పన్నెండేసి బండిళ్ళు. అంటే ఒకేసారి 3,672 బండిళ్ళు లోపలుంటాయి.

ఇక్కడో చిత్రం ఉంది. ఇంధనం మార్చడానికి ఈ రియాక్టర్‌ను ఆపక్కర్లేదు. రెండు వైపులా రెండు యంత్రాలు వచ్చి ఒకే మార్గానికి అతుక్కుంటాయి. ఒకటి కొత్త బండిళ్ళను తోస్తుంటే, ఇంకోటి మండినవాటిని అందుకుంటుంది. పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు ఎనిమిది బండిళ్ళ లెక్కన ఖర్చవుతాయి. ఒక్క బండిల్ తన ఆయుష్షులో ఆరు లక్షల యూనిట్లకు పైగా కరెంటు ఇచ్చి బయటికొస్తుంది. రూపం పెద్దగా మారదు. అదే పొడవు, అదే పందొమ్మిది గొట్టాలు. కానీ ఇప్పుడు దాని పక్కన అడ్డం ఏమీ లేకుండా నుంచున్న మనిషికి నిమిషాల్లోనే ప్రాణాంతకమైన డోస్ తగులుతుంది. అందుకే ఆ తర్వాత దాన్ని మనిషి చెయ్యి తాకదు. మందపాటి గోడల వెనక యంత్రాల మీదుగానే నీటిలోకి దిగుతుంది.

రేడియేషన్ మాట అలా ఉంచి, ముందు వేడి సంగతి చెప్పాలి. గొలుసు చర్య ఆగిపోయినా యురేనియం చీలినప్పుడు పుట్టిన ముక్కలు ఊరుకోవు. పొయ్యిలో కొబ్బరి డొక్కల మంట ఆర్పేసినా నివురు కింద రాత్రంతా నిప్పు కనకనలాడుతూనే ఉంటుంది చూడండి, అలాంటిదే ఇదీ. రియాక్టర్ ఆగిన క్షణాన ఇంధనం ఇచ్చే వేడి పూర్తి శక్తిలో ఆరు శాతం పైన ఉంటుంది. గంటకు ఒకటిన్నర శాతానికి, రోజు గడిచేసరికి అర శాతానికి దిగుతుంది. ఈ లెక్కన బయటికొచ్చిన మర్నాడు ఒక్కో బండిల్ దాదాపు కిలోవాటు వేడి ఇస్తుంది. ఏడాదికి అది కొన్ని పదుల వాట్లకు పడిపోతుంది. మొదటి రోజులు, మొదటి నెలలే గడ్డుకాలం. ఆ కాలాన్ని నీటిలో గడిపించడమే కొలను పని.

ఈ కొలనులు చూడ్డానికి ఆడంబరంగా ఏమీ ఉండవు. మీటరుకు పైగా మందమున్న కాంక్రీటు గోడలు, వాటికి లోపలివైపు అతుకులు బిగించిన స్టెయిన్‌లెస్ స్టీలు రేకు. అతుకు ఎక్కడైనా ఊరితే తెలిసేలా రేకు వెనక చిన్న దారులు వదులుతారు, వాటిలో తడి కనిపిస్తే కనిపెట్టేస్తారు. అన్నిటికంటే తెలివైన ఏర్పాటు అడుగున ఉంది. అసలు కొలను అడుగున తూము అనేదే పెట్టరు. నీరు లోపలికి వచ్చే గొట్టాలన్నీ పైనుంచే దిగుతాయి. పొరపాటున గొట్టం పగిలి నీరు వెనక్కి లాగడం మొదలైనా ఆగిపోయేలా పైభాగంలో చిల్లులు పెడతారు. పొలానికి తూము ఎక్కడ పెట్టాలి, ఎంత ఎత్తున పెట్టాలి అని తగువులాడుకునే డెల్టా రైతుకి ఈ తూము లేని కొలను ఎందుకు గొప్పదో విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక నీరు ఏం చేస్తుందంటే, ముందు రేడియేషన్‌కు అడ్డుకట్ట వేస్తుంది. గామా కిరణాల బలం పది సెంటీమీటర్ల నీటికి ఇంచుమించు సగం తగ్గుతుందనుకోండి. మీటరు లోతుకు వెయ్యో వంతు మిగులుతుంది. రెండు మీటర్లకు పది లక్షల్లో ఒక వంతు. మూడు మీటర్లకు వంద కోట్లలో ఒక వంతు. ఇంధనం పైన నిలిపే నీరు ఇంతకంటే ఎక్కువే, పెద్ద రియాక్టర్ల కొలనుల్లో 7 మీటర్ల దాకా ఉంటుంది. అందుకే గట్టు మీద మనుషులు మామూలు షిఫ్టు డ్యూటీలు చేసుకోగలుగుతున్నారు. చొక్కాకి బ్యాడ్జి ఉంటుంది, దానికి తగిలిన డోస్ లెక్క కడుతూనే ఉంటారు. అదే పని సీసంతోనూ కాంక్రీటుతోనూ చేయించొచ్చు. కానీ సీసంలోంచి కనిపించదు, కాంక్రీటులో చెయ్యి పెట్టి పని చేయలేం. నీరైతే అడ్డుకుంటూనే లోపలున్నది చూపిస్తుంది, పొడవాటి కర్రల్లాంటి పనిముట్లు దించి బండిల్‌ను ఇటునుంచి అటు మార్చుకోనిస్తుంది. వేడినీ అదే మోసుకుపోతుంది. ఇన్ని పనులు ఒక్కటే చేసే పదార్థం ఇంత చవకగా మరోటి లేదని నా అభిప్రాయం.

చాలామందికి ఒక సందేహం ఉంటుంది: అంత రేడియేషన్‌లో నానిన నీరు కూడా రేడియోధార్మికమైపోదా? గామా కిరణాలు తన గుండా పోయినంత మాత్రాన నీరు అలా మారదు. గొట్టాల మీద అంటుకున్న తుప్పు పొట్టు, ఎక్కడైనా చిల్లు పడ్డ గొట్టంలోంచి ఊరిన సీజియం లాంటివి కలిస్తే అప్పుడు చిక్కు. అందుకని నీటిని ఎడతెగకుండా తోడి, ఫిల్టర్ల గుండా, రెజిన్ గుళికలు నింపిన తొట్ల గుండా పంపి, చల్లార్చి మళ్ళీ కొలనులోకి వదులుతారు. లవణాలు లేని నీరైతే జిర్కోనియం గొట్టాలు దశాబ్దాలపాటు చెక్కుచెదరవు. ఆవిరైనంత మేర పైనుంచి కలుపుతూ మట్టం నిలబెడతారు.

అంత శుభ్రం చేసినా పాచి మానదట, అది వినడానికి ముచ్చటగా ఉంటుంది. ఫ్రాన్సులో ఒక పరిశోధన రియాక్టర్ కొలనులో ఆకుపచ్చటి నాచు పెరుగుతుండగా కనిపెట్టారు. మనిషిని చంపే డోస్‌కు ఎన్నో రెట్లు తట్టుకుంటుంది, పైగా నీటిలోని రేడియోధార్మిక పదార్థాలను పీల్చుకుంటుంది. దానికి కోకోమిక్సా యాక్టినాబయోటిస్ అని పేరు పెట్టారు. మనూళ్ళలో దొడ్లోని చెరువు మీద నాచు చూసి విసుక్కునేవాళ్ళు ఇకమీద దాన్ని కాస్త గౌరవంగా చూడొచ్చు.

కొలనులో దిగితే ఏమవుతుందని కుర్రాళ్ళు సరదాగా అడుగుతుంటారు. నిజానికి మరమ్మతుల కోసం డైవర్లు దిగుతూనే ఉంటారు. పైపొరల్లో ఈదే మనిషికి అందే డోస్ చాలా తక్కువ. ప్రమాదం దగ్గరికి పోవడంలో ఉంది. 2010 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోని లైబ్‌స్టాట్ కేంద్రంలో ఒక డైవర్ అడుగున కనిపించిన లోహపు ముక్కను చేత్తో తీశాడు. ఆ కాసేపట్లోనే అతని చేతికి ఏడాది మొత్తానికి అనుమతించిన పరిమితిని మించిన డోస్ తగిలింది. మనిషికీ దానికీ మధ్య మూడు మీటర్ల నీరుంటే అదే ముక్క ఏమీ చేయలేకపోయేది.

కొలను ఫొటోల్లో అందరి కళ్ళూ లాగేది నీలి కాంతి. శూన్యంలో కాంతిని మించి ఏదీ పరుగెత్తలేదు. నీళ్ళలో మాత్రం కాంతి వేగం నాలుగింట మూడు వంతులకు, అంటే సెకనుకు సుమారు 2.25 లక్షల కిలోమీటర్లకు తగ్గుతుంది. ఇంధనం నుంచి వచ్చే ప్రభావంతో ఎగిరే ఎలక్ట్రాన్లు నీటిలో అంతకంటే జోరుగా పోతాయి. అప్పుడు పుట్టే వెలుగు అది. 1934లో సోవియట్ శాస్త్రవేత్త చెరెంకోవ్ దీన్ని గుర్తించాడు, 1958లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నాడు. ముంబై ట్రాంబేలో 1956 ఆగస్టు 4న నడక మొదలుపెట్టిన ఆసియాలోని తొలి రియాక్టర్ నీటి కొలనులోనే ఉండేది. ఆ నీలి వెలుగు చూసే నెహ్రూ దానికి ‘అప్సర’ అని పేరు పెట్టాడంటారు. ఈ అందానికి ఒక ఉద్యోగం కూడా ఉంది. అంతర్జాతీయ తనిఖీ కింద ఉన్న కేంద్రాల్లో ఇన్‌స్పెక్టర్లు ప్రత్యేక దుర్భిణులతో గట్టు మీంచే ఆ వెలుగును చూసి, లోపలున్నది నిజంగా వాడిన ఇంధనమేనా, లెక్క సరిపోయిందా అని తేల్చుకుంటారు.

కల్పాక్కం తరహా బండిళ్ళకు ఇంకో వెసులుబాటు ఉంది, అది నాకు అన్నిటికంటే నచ్చింది. అందులో వేసేది సహజ యురేనియం. దాన్ని మామూలు నీటిలో ఎలా పేర్చినా, ఎంత దగ్గరగా పేర్చినా గొలుసు చర్య నిలవదు. మామూలు నీటిలోని హైడ్రోజన్ న్యూట్రాన్లను మింగేస్తుంది. రియాక్టర్‌ను నడిపించాలనే గదా మణుగూరులో అంత కష్టపడి భారజలం తీసేది. ఆ భారజలం లేకపోవడమే ఇక్కడ రక్ష.

కొలను నీటి మట్టం, వేడి, గాలిలో రేడియేషన్ స్థాయి రేయింబవళ్ళు కంట్రోల్ రూముకు తెలుస్తుండాలి. దేశీయ అణు కేంద్రాలకు ఇలాంటి నియంత్రణ, కొలత పరికరాలు అందించే సంస్థల్లో హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ ముఖ్యమైనది. 1967లో దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావుది భీమవరం దగ్గర మోగల్లు. ఆయన పేరే ఏఎస్ రావు నగర్‌గా హైదరాబాద్ బస్సుల బోర్డుల మీద రోజూ కనిపిస్తుంది. ఆ బస్సెక్కేవాళ్ళలో ఎంతమందికి ఆయన గోదావరి జిల్లా మనిషని తెలుసో!

మరి నీరు పోతే? 2004 డిసెంబర్ 26న సునామీ కల్పాక్కం మీద విరుచుకుపడింది. టౌన్‌షిప్‌లో ప్రాణాలు పోయాయి. సముద్రపు నీరు తోడే పంపుహౌస్‌లోకి కెరటం చొచ్చుకొచ్చింది. అప్పటికి నడుస్తున్న రెండో రియాక్టర్‌ను క్షేమంగా ఆపారు, వారం పదిరోజుల్లోనే మళ్ళీ నడిపారు. 2011 మార్చిలో జపాన్‌లో ఫుకుషిమా దగ్గర వచ్చిన కష్టం ఇంతకంటే చాలా పెద్దది. అక్కడి నాలుగో యూనిట్ కొలనులో 1,535 ఇంధన కట్టలున్నాయి, కొద్ది నెలల కిందటే రియాక్టర్‌లోని ఇంధనం మొత్తాన్నీ కూడా తీసి అందులోనే పెట్టారు. కరెంటు పోయి చల్లార్చే పంపులు ఆగాయి. నీరంతా ఇంకిపోయిందేమోనని ప్రపంచం హడలిపోయింది. నీరు తగ్గి ఇంధనం బయటపడితే జిర్కోనియం గొట్టాలు వేడెక్కి ఆవిరితోనూ గాలితోనూ కలిసి మండే ముప్పుంది. హెలికాప్టర్లు పక్కనున్న మూడో యూనిట్ మీద నీరు గుమ్మరించాయి. తర్వాత కాంక్రీటు పోసే పొడవాటి పంపు లారీలను తెచ్చి నాలుగో యూనిట్ కొలనుకి నీళ్ళు పట్టారు. చివరికి చూస్తే నీరు ఇంధనం పైనే ఉంది. పక్కనున్న రియాక్టర్ బావిలోని నీరు గేటు సందుల్లోంచి కొలనులోకి ఊరడం కూడా కలిసొచ్చింది. 2014 డిసెంబర్ నాటికి ఆ 1,535 కట్టలనూ ఒక్కటొక్కటిగా తీసేశారు. ఆ అనుభవం తర్వాత మన కేంద్రాల్లోనూ ఫైరింజన్‌తో బయటినుంచే నీరెక్కించడానికి గొట్టాల కనెక్షన్లు పెట్టారు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి 65 రోజులు మండటం చూసిన కోనసీమకి, ఆపద వేళ నీళ్ళ గొట్టం ఎక్కడ తగిలించాలో ముందే తెలిసుండటం ఎంత అవసరమో తెలుసు.

భారజల రియాక్టర్ బండిల్‌కున్న మేలు ఏమిటంటే, అందులో మిగులు వేడి తక్కువ. పంపులు ఆగినా అంత నీరు మరిగే స్థితికి రావడానికి రోజులు పడుతుంది. ఈలోగా మనిషి ఏదో ఒకటి చేయొచ్చు. కొలను భద్రత అంటే నా లెక్కలో ఈ వ్యవధే. అయితే చేయాల్సిన మనిషి అక్కడ ఉండాలి, నీరు ఉండాలి.

కొలనులో కొన్నేళ్ళు చల్లారాక ఏం చేయాలన్నది దేశానికో తీరు. అమెరికా దాన్ని వ్యర్థం అంటుంది, ఉక్కు, కాంక్రీటు పీపాల్లో పొడిగా దాచిపెడుతోంది. మన అణుశక్తి శాఖ దాన్ని ముడిసరుకు అంటుంది. కారణం ఉంది. మండిన బండిల్‌లో ఇంకా 99 శాతం దాకా యురేనియమే, వెయ్యి పాళ్ళలో మూడు నాలుగు పాళ్ళు ప్లుటోనియం. కల్పాక్కంలోనే 1990ల చివర్లో మొదలైన రీప్రాసెసింగ్ ప్లాంటులో బండిళ్ళను ముక్కలు కోసి, ఆమ్లంలో కరిగించి ఆ రెంటినీ వేరుచేస్తారు. దేశ అణుశక్తికి హోమీ భాభా గీసిన మూడంచెల ప్రణాళికలో ఈ ప్లుటోనియమే రెండో అంచెకు ఇంధనం. 2003 జనవరిలో ఆ ప్లాంటులో ఒక వాల్వు పాడై, తీవ్ర రేడియోధార్మిక ద్రవం ఉండకూడని తొట్టిలోకి చేరింది. ఆరుగురు ఉద్యోగులకు పరిమితిని మించిన డోస్ తగిలింది. బండిల్ గట్టిగా, నీటి అడుగున, కదలకుండా ఉన్నన్నాళ్ళూ పేచీ లేదు. దాన్ని విప్పి కరిగించడం మొదలెట్టాకే అసలు సాహసం.

చూసి రావాలనుకునేవాళ్ళకి: అణు కేంద్రంలోకి ముందస్తు అనుమతి లేకుండా ప్రవేశం లేదు. కాలేజీలు సంస్థకు ముందుగా రాసుకుంటే మంచిది, గుర్తింపు కార్డు తప్పనిసరి, కెమెరాలు కుదరవు. సద్రాస్ కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అక్కడికి సుమారు 15 కిలోమీటర్లలో మహాబలిపురం. అమలాపురానికి రైలు ఇంకా రాలేదు కాబట్టి రాజమండ్రి వెళ్ళి బండెక్కాల్సిందే. కాకినాడ నుంచి వచ్చే సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో చెంగల్పట్టు దాకా పోవచ్చు, అక్కణ్ణుంచి తిరుక్కళుకుండ్రం మీదుగా కల్పాక్కానికి 30 కిలోమీటర్లు. చెన్నైలో దిగితే తూర్పు తీర రోడ్డు బస్సులున్నాయి.

మన రాష్ట్రంలో ఇలాంటి కొలను వచ్చేట్టయితే అది శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో వస్తుంది. ఒక్కోటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు అమెరికన్ రియాక్టర్లు అక్కడ ప్రతిపాదనలో ఉన్నాయి. వాటిలో వాడేది శుద్ధి చేసి బలం పెంచిన యురేనియం, కట్టలు నాలుగు మీటర్లకు పైగా పొడవుంటాయి. కల్పాక్కం బండిల్‌కున్న వెసులుబాటు వీటికి ఉండదు. అందుకే నీటిలో బోరాన్ కలుపుతారు, న్యూట్రాన్లను పీల్చే పలకలతో అరలు కడతారు. కొవ్వాడ ఉన్న రణస్థలం వైపు జనం భూమి ధర, పునరావాసం, చేపల వేట గురించి అడుగుతున్నారు. కొలను ఎన్నేళ్ళకు నిండుతుంది, నిండాక కట్టలను ఎటు పంపుతారు అన్నవీ ఆ జాబితాలో చేరాల్సిన ప్రశ్నలే.